కార్తీకానికి ఊరు వెళ్ళాలా?

గోదావరి ఒడ్డున కార్తీకమంటే తెల్లవారకముందే చన్నీటి స్నానం, అరటి దొప్పలో దీపం, ఉసిరిచెట్టు కింద భోజనం. ఢిల్లీలో అదే నెల పొగకి కిటికీలు బిగించుకునే నెల. రెండూ ఒకే చంద్రుడి లెక్కలోవే. ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకున్న తెలుగు కుటుంబాల్లో దసరా వెళ్ళగానే ఒక మాట మొదలవుతుంది: పొగ రాకముందే పెద్దవాళ్ళను ఊరు పంపించేద్దామా అని.

మయూర్ విహార్‌లో నేనెరిగిన ఒక ఇంట్లో ఈ మాట వాదనగా మారింది. మేనమామ వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. సర్వీసులో ఎక్కువ కాలం సఫ్దర్‌జంగ్ అబ్జర్వేటరీలో ఎండలూ వానలూ లెక్క రాశారు. మేనకోడలిది నోయిడాలో ఉద్యోగం. ఆయనకు రెండు శీతాకాలాలుగా ఆయాసం. పెద్దవాడు మార్పును కాదంటాడనీ, చిన్నది ఔనంటుందనీ ముందే అనుకుని చదివేవారికి ఒక్క మనవి: ఇద్దరి కారణాలూ వినండి. మార్పును ఒప్పుకోవడం గురించి ఋతువులను చూపించి చెప్పే మంచిమాటలు చాలా విన్నాం. ఏది ఋతువో తేల్చుకోకుండా ఆ మాట చెప్పడం ప్రమాదమని నాకు ఈ వాదన వింటుంటే అనిపించింది.

మేనకోడలు: మామయ్యా, దీపావళికి రెండు రోజుల ముందు ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులున్నాయి. రాజమండ్రి స్టేషన్‌కి అన్నయ్య వస్తాడు. సంక్రాంతి చేసుకుని తిరిగి వద్దురుగాని.

మామయ్య: నేను రానమ్మా. వెళ్తే ఒప్పుకున్నట్టే.

మేనకోడలు: దేన్ని?

మామయ్య: ఈ పొగని. ఎండలకి కొండలెక్కినట్టు పొగకి రాజమండ్రి వెళ్ళడం మొదలుపెడితే ఇదీ ఒక కాలమైపోతుంది. ఇప్పటికే బళ్ళకి పొగ సెలవులు వచ్చాయి. పిల్లలు దసరా సెలవుల్లాగే వాటికోసం చూస్తున్నారు. నాకు తెలిసిన ఋతువులు ఆరు. ఏడోదాన్ని పంచాంగంలోకి రానివ్వను.

మేనకోడలు: మీరు రానివ్వకపోయినా వస్తోందిగా, ఏటా అవే రోజుల్లో. సప్తపర్ణి పూసి రాత్రిళ్ళు వీధంతా ఆ ఘాటు వాసన కమ్మిందంటే, ఇంకో పది పదిహేను రోజుల్లో గొంతు గరగర. చెట్టుని చూసి చెప్పగలిగే దాన్ని ఋతువనక ఏమంటాం? ఒప్పుకుంటే ముందే సర్దుకుంటాం. ఒప్పుకోకపోతే ప్రతి నవంబరూ కొత్తగా ఆశ్చర్యపోతాం. ఈ ఊరు ఇన్నేళ్ళూ చేసింది ఆ ఆశ్చర్యపోవడమే.

మామయ్య: అవే రోజుల్లో ఎందుకొస్తోందో చెబుతా విను. ఆ ముహూర్తం సూర్యుడు పెట్టలేదు, శాసనసభ పెట్టింది. పంజాబులో ఒకప్పుడు మే నెల మంటల్లోనే బోరు నీళ్ళు తోడి వరి నాటేసేవారు. భూమిలో నీళ్ళు అడుగంటిపోతున్నాయని 2009లో చట్టం చేశారు, జూన్ 10కి ముందు నాట్లు వెయ్యకూడదని. హర్యానా కూడా ఆ ఏడే అలాంటి చట్టం తెచ్చింది. మంచి ఉద్దేశమే. కానీ నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కే కదా! అవి అక్టోబరు చివరికి పోయాయి. గోధుమ నవంబరు మధ్యకల్లా విత్తాలి. రైతుకి మిగిలింది రెండు మూడు వారాలు. కోత మిషను కొయ్యకాళ్ళని చేలోనే వదిలేస్తుంది. వాటిని తీయించే కూలీ కంటే అగ్గిపుల్ల చవక. అప్పటికే నైరుతి వెళ్ళిపోయి ఉంటుంది, గాలి పడిపోతుంది. రాత్రిళ్ళు నేల చల్లబడి, పైన వెచ్చని పొర ఏర్పడి, కింది గాలిని లేవనివ్వదు.

మేనకోడలు: అంటే పంజాబు రైతుదే తప్పంటారా?

మామయ్య: ఆ మాటే అనొద్దంటున్నాను. అతని వాటా ఆ రెండు మూడు వారాలది. మన కార్లు, లారీలు, కట్టడాల దుమ్ము, చెత్త మంటలు పన్నెండు నెలలూ ఉంటాయి. జూలైలో వాన కడిగేస్తుంది, మేలో గాలి ఎగరగొడుతుంది. నవంబరులో గాలి ఆగాక మనం వదిలింది మన ముందే నిలుస్తుంది. డిసెంబరు నెలాఖర్లో పంజాబులో ఏ కొయ్యకాలూ కాలదు, పొగ మాత్రం ఉంటుందే! ఋతువు అని పేరు పెట్టావనుకో, జవాబు చెప్పాల్సినవాడు తప్పించుకుంటాడు. వసంతాన్ని ఎవరైనా నిలదీస్తారా?

మేనకోడలు: నిలదీస్తే మాత్రం?

మామయ్య: 1998లో సుప్రీంకోర్టు నిలదీసింది. సిటీ బస్సులన్నీ డీజిల్ మానాలంది. కుదరదన్నారు, గ్యాసు చాలదన్నారు, జనం బంకుల దగ్గర బారులు తీరారు. 2002 ఆఖరుకి బస్సులన్నీ సీఎన్‌జీకి మారాయి. గాలి తేటపడింది. నేనా గాలి పీల్చాను కాబట్టి చెబుతున్నాను.

మేనకోడలు: ఆ తరవాత బండ్లు పెరిగాయి, పొగ మళ్ళీ వచ్చింది. 2024 నవంబరు 18న గాలి నాణ్యత సూచీ 494 దాకా పోయింది. ఐదు వందలతో ఆ కొలబద్దే అయిపోతుంది! సరే, మీ శాఖ సంగతి చూద్దాం. సాధారణ ఉష్ణోగ్రతంటే ముప్పై ఏళ్ళ సగటనీ, దాన్ని పదేళ్ళకోసారి ముందుకు జరుపుతారనీ మీరే నాకు చెప్పారు. ఒకప్పుడు 1961 నుంచి 1990 వరకు, ఇప్పుడు 1991 నుంచి 2020 వరకు. ఢిల్లీకి వానలు జూన్ 29న రావాలనేవారు, 1901 నుంచి 1940 దాకా ఉన్న లెక్కలు పట్టుకుని. 2020లో దాన్ని జూన్ 27 చేశారు. నిన్న విపరీతం అన్నదాన్నే రేపటి సాధారణంలో కలిపేసేది మీరు. నేను కలుపుకుందామంటే తప్పయిందా?

మామయ్య: సగటు జరిపేది కొలవడానికమ్మా, మాఫీ చెయ్యడానికి కాదు. పాత సగటుని చెరిపెయ్యం. రెండూ పక్కపక్కన పెడితేనే ఎంత దూరం వచ్చామో తెలిసేది. 2024 జూన్ 28 చూడు. పొద్దున్న ఎనిమిదిన్నరకి సఫ్దర్‌జంగ్‌లో ఇరవై నాలుగు గంటల వాన 228.1 మిల్లీమీటర్లు. జూన్ నెల మొత్తానికి సాధారణం 74.1. 1936 తరవాత జూన్‌లో ఒక్కరోజు అంత వాన లేదు. విమానాశ్రయం మొదటి టెర్మినల్ ముందు పైకప్పు కూలి ఒక మనిషి పోయాడు. నైరుతి వచ్చిందని ఆ రోజే ప్రకటించారు. ఒక్కరోజు తేడా, అంతే. తేదీ తప్పలేదు, తీరు తప్పింది. క్యాలెండరు చూసుకుని అంతా సవ్యంగానే ఉందనుకునేవాడికి ఆ రోజు ఏమీ కనబడదు.

మేనకోడలు: తీరు తప్పనిదెప్పుడు మామయ్యా? మీరు తలుచుకునే ఢిల్లీ కూడా ఎవరో తయారుచేసిందే. ఒకప్పటి రాజ్‌పథ్ వెంట నేరేడు చెట్లు వాటంతటవి మొలిచాయా? కొత్త రాజధాని కడుతున్నప్పుడు ఆర్కిటెక్టు లుట్యెన్స్, మస్టో అనే తోటల అధికారీ కూర్చుని ఏ రోడ్డుకి ఏ చెట్టో రాసుకున్నారు. ఇక్కడి అడవి ఆకు రాల్చే అడవి. రాజమార్గాల మీద మోడులు కనబడకూడదని వాళ్ళు నేరేడు, వేప, తెల్లమద్ది, చింత నాటించారు. ఢిల్లీ రిడ్జి గుట్టల మీద మీరు వాకింగ్ చేసే పచ్చదనమంతా ఏమిటి? మన చెరువుగట్ల మీద సర్కారు తుమ్మ ఉంటుందే, అదే. అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. మోదుగనీ, ఇక్కడి ధావ్ చెట్టునీ పక్కకి నెట్టి ఏడాది పొడవునా పచ్చగా నిలబడింది. ఋతువులు కనబడకుండా కట్టిన ఊరు ఇది. ఇక్కడ మీరు శిశిరం ఎక్కడ చూశారు?

మామయ్య: ఫాల్గుణంలో రావిచెట్టు కింద చూశాను. ఢిల్లీలో వేపా రావీ చలి మొదట్లో ఆకు రాల్చవు, చలి వెళ్ళిపోతుండగా రాలుస్తాయి. రాల్చిన కొద్దిరోజులకే చిగురు. బూరుగ అయితే ఆకు లేకుండానే ఎర్రగా పూసేస్తుంది. శిశిరమూ వసంతమూ ఒకే కొమ్మ మీద నడిచిపోతాయి. మన పంచాంగం ఈ విషయంలో ఇక్కడికి బాగానే సరిపోయింది. సరిపోనిదల్లా వేపపువ్వు. ఇక్కడ అది ఏప్రిల్ సగం పోతేగాని విచ్చుకోదు. 2025లో ఉగాది మార్చి 30. ఎక్కడ తెస్తాం?

మేనకోడలు: అత్తయ్య ఊరి నుంచి ఎండువేపపువ్వు తెప్పించి డబ్బాలో దాచేది.

మామయ్య: దాచేది.

మేనకోడలు: తాజా పువ్వు లేదని పచ్చడి మానలేదుగా. ఆవిడ సర్దుకుంది. నేనడిగేదీ ఆ సర్దుకోవడమే. మన పంచాంగం కూడా అంతేగా! 2023 జూలై 13 గుర్తుందా? యమున 208.66 మీటర్లకి వచ్చిన రోజు. 1978 నాటి 207.49ని దాటేసింది. నది ఒడ్డున సాగు చేసుకునేవాళ్ళంతా పశువులతో సహా మన రోడ్డు మీదికి వచ్చి టార్పాలిన్ల కింద ఉన్నారు. పాలబ్బాయి సావన్ వరద అన్నాడు, మీరు ఆషాఢ బహుళం అన్నారు. వాళ్ళకి పున్నమి తరవాత నెల మారుతుంది, మనకి అమావాస్య తరవాత. ఒకే నీళ్ళు, రెండు నెలలు. వెంటనే అధిక శ్రావణం వచ్చింది. అది వాళ్ళ సావన్‌కి నట్టనడుమ పడింది, మన నిజ శ్రావణానికి ముందు పడింది. ఇంత గందరగోళాన్నీ ఒప్పుకుని పండగలు చేసుకోవడం లేదూ?

మామయ్య: అధికమాసం ఎందుకు పెట్టారనుకున్నావు? చాంద్రమానం సౌరమానం కంటే ఏడాదికి పదకొండు రోజులు పొట్టి. ఆ తేడాని వదిలేస్తే ఉగాది వెనక్కి వెనక్కి జరిగి చలిలోకి, వానల్లోకి పోతుంది. మనవాళ్ళు దానికి ఒప్పుకోలేదు. పందొమ్మిదేళ్ళలో ఏడు నెలలు అదనంగా వేసి పండగల్ని ఋతువుల్లోకి లాక్కొచ్చారు. నువ్వు సర్దుకోవడమన్నావే, అది ఒప్పుకోకపోవడం. తప్పుతోందని కనిపెట్టి లెక్క దిద్దడం.

మేనకోడలు: మరి సంక్రాంతిని ఎందుకు దిద్దలేదు? ఉత్తరాయణం డిసెంబరు 22 ప్రాంతంలోనే మొదలవుతుంది. మనం జనవరి 14కో 15కో చేసుకుంటాం. పంచాంగాన్ని సంస్కరించడానికి వేసిన మేఘనాద్ సాహా కమిటీ ఇరవై మూడు రోజుల తేడా వచ్చిందని 1955లో చెప్పింది. ఆ సిఫారసుతోనే 1957 మార్చి 22న జాతీయ క్యాలెండరు వచ్చింది. గెజిట్‌లో, రేడియోలో తప్ప దాన్ని ఎవరు పట్టించుకున్నారు? డెబ్బై ఏళ్ళకి ఒక రోజు చొప్పున సంక్రాంతి జరుగుతూనే ఉంది, మనవాళ్ళు ముగ్గులేస్తూనే ఉన్నారు.

మామయ్య: డెబ్బై ఏళ్ళకి ఒక రోజు! ఆ వేగానికి మనిషీ ఒదుగుతాడు, చెట్టూ ఒదుగుతుంది. ఈ పొగ నా కళ్ళ ముందు, ఒక్క మనిషి సర్వీసులో వచ్చిపడింది. ఆ వేగాన్ని ఒప్పుకోమనకు.

మేనకోడలు: వేగం సంగతి నాకు చెప్పకండి మామయ్యా. అత్తయ్య వారం రోజుల్లో పోయింది. మీరు ఒప్పుకోలేదా? తిరిగొచ్చేదాన్ని ఒప్పుకోవడానికేముంది, ఓర్పుంటే చాలు. ఎండలు భరిస్తాం, వానలొస్తాయని తెలుసు కాబట్టి. వానలు భరిస్తాం, శరత్తు వస్తుందని. తిరిగి రానిదాన్నే ఒప్పుకోవాలి. అది కష్టం. మీరు ఆరు ఋతువులూ తెలుసంటున్నారు. అవన్నీ చుట్టూ తిరిగి వచ్చేవి. తిరిగిరాని మార్పు ఎదురైతే ఋతువులు మీకేం నేర్పాయి?

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఈ వాదన మొత్తంలో నన్ను పట్టుకున్న మాట ఇది. ఆకు రాలడం చూసి చావుని ఒప్పుకోమంటారు, కానీ ఆ కొమ్మకి మళ్ళీ ఆకు వస్తుంది. పోయిన మనిషి రాదు. ఋతువుల పోలిక దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఎందుకు చాలదో ఆమె చెప్పినంత సూటిగా నేను ఎక్కడా వినలేదు.

మామయ్య: ఆవిడ పోయినప్పుడు డాక్టర్ల మీద కోపం తెచ్చుకోవాలని చూశానమ్మా. కుదరలేదు. ఎవరూ ఏ లోపమూ చెయ్యలేదు. కాలం తీసుకెళ్ళింది. ఎవరి చెయ్యీ లేదని తెలిశాకే ఒప్పుకోగలిగాను. చెయ్యి ఉండి ఉంటే, చచ్చేదాకా ఒప్పుకునేవాణ్ణి కాదు. నేను చూసేది అదొక్కటే. తిరిగొస్తుందా రాదా అని కాదు, దాని వెనక చెయ్యి ఉందా అని. పొగ వెనక చేతులున్నాయి. నా చెయ్యి కూడా ఉంది, ముప్పై ఏళ్ళు స్కూటరు తోలాను.

మేనకోడలు: చేతులున్నాయి సరే. ఆ చేతులు ఆగేలోపు మీ ఊపిరితిత్తులు ఆగవుగా!

మామయ్య: అయినా కార్తీకంలో రాజమండ్రి పంపిస్తానంటావేం? మనవైపు అది తుఫాన్ల కాలం.

మేనకోడలు: తుఫానుకి భయపడేది మీరేనా?

మామయ్య: భయపడాలి. నేను సర్వీసులో చేరిన కొత్త. 1977 నవంబరు 19. దివిసీమ. సముద్రం ఊళ్ళ మీదికి నడిచొచ్చింది. పదివేల మంది దాకా పోయారు. ముందుగా ఏమీ తెలియక కాదు, తెలిసింది ఊళ్ళదాకా చేరక, చేరినా తలదాచుకునే గట్టి కప్పు లేక. ఆ తరవాత మావాళ్ళు మరిన్ని రాడార్లు పెట్టారు, హెచ్చరికలు పద్ధతిలో పెట్టారు. తీరమంతా తుఫాను షెల్టర్లు లేచాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే పడింది. ఊళ్ళో చెట్టన్నది మిగల్లేదు, కైలాసగిరి బోడిగుండైంది. అయినా పోయినవాళ్ళ లెక్క వేలల్లోకి వెళ్ళలేదు, పదుల దగ్గర ఆగింది. తుఫాను వస్తుందని ఒప్పుకున్నాం. జనం చావాలన్నది ఒప్పుకోలేదు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగానికి అర్థం అదేనమ్మా.

మేనకోడలు: నేనడుగుతున్నదీ అదే కదా మామయ్యా! తుఫాను వస్తుందంటే జనాన్ని లేపి తరలించారు. వెళ్ళినవాళ్ళెవరూ తుఫానుకి లొంగిపోయామనుకోలేదు. ఓఖ్లా బ్యారేజీ దగ్గరకి చలికాలం పక్షులొస్తాయి, చలి పోగానే వెళ్ళిపోతాయి. వెళ్ళడం ఓడిపోవడమని మీరొక్కరే అంటున్నారు.

మామయ్య: పక్షులన్నీ కలిసి వెళ్తాయి. తుఫానప్పుడు మేము ఊరంతటినీ తరలించమన్నాం. పెంకుటింటివాణ్ణి, గుడిసెవాణ్ణి, ముసలివాణ్ణి. మేడ ఉన్నవాణ్ణొక్కణ్ణే బస్సెక్కించి మిగతావాళ్ళని వదిలేసి ఉంటే దాన్ని తరలింపు అనేవారా? ఇక్కడ నువ్వు నన్నొక్కణ్ణి ఎక్కిస్తున్నావు. గేటు దగ్గర రాత్రంతా కూర్చునే గార్డుకి రాజమండ్రిలో అన్నయ్య లేడు. ఈ-రిక్షా అతనికి లేడు. ఫ్లైఓవర్ కింద ముల్లంగి అమ్మే ఆవిడకి లేడు. వెళ్ళగలిగినవాళ్ళంతా వెళ్ళిపోతే అడిగేవాడెవడు మిగులుతాడు?

మేనకోడలు: మీరు ఉండి దగ్గితే ఆ గార్డుకి ఏం ఒరుగుతుంది?

మామయ్య: దగ్గితే ఏమీ ఒరగదు.

ఆమె గెలిచిందనుకున్నాను. తానూ అనుకుంది కాబోలు, ఫోను తీసి రైలు వివరాలు మళ్ళీ చూస్తోంది. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

మామయ్య: రాత్రి చలికి వాళ్ళు ఏం చేస్తారో చూశావా? ఎండుకొమ్మలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ ఏది దొరికితే అది గేటు పక్కన వేసి మంట పెట్టుకుంటారు. ఆ పొగ ముందు వాళ్ళకే, తరవాత మనకి. కాలుష్యం పెరిగినప్పుడు సొసైటీలు గార్డులకి కరెంటు హీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. మన సొసైటీలో మూడు గేట్లు, ఒక్క హీటరూ లేదు. కరెంటు బిల్లు ఎవరు కడతారని రెండేళ్ళుగా వాయిదా.

మేనకోడలు: అయితే హీటర్లు నేను కొంటాను. రేపే ఆర్డరు పెడతాను. మీరు రైలెక్కుతారా?

మామయ్య: నువ్వు కొంటే దానం అవుతుంది. వచ్చే ఏడు నీకు వేరే ఊళ్ళో ఉద్యోగమొస్తే మళ్ళీ అట్టపెట్టెలే. సొసైటీ తీర్మానం చెయ్యాలి, మెయింటెనెన్సు లెక్కలో రాయాలి. జనరల్ బాడీ మీటింగులో పెట్టించాను.

మేనకోడలు: మీటింగు ఎప్పుడు?

మామయ్య: నవంబరు రెండో ఆదివారం.

మేనకోడలు: అప్పటికి పొగ నెత్తి మీద కూర్చుంటుంది మామయ్యా! ఈ నెలలో పెట్టించలేకపోయారా?

మామయ్య: ఈ నెలలో గాలి బాగుంది, పెడితే ఎవరూ రారు. గొంతులు మండుతున్నప్పుడైతే వస్తారు, చేతులెత్తుతారు. ఆ మర్నాటికి టికెట్టు చూడు, వెళ్తాను.

మేనకోడలు: తీర్మానం నెగ్గకపోయినా వెళ్తారా?

మామయ్య: అందుకేగా నిన్ను కూడా మీటింగుకి రమ్మనేది. ఫ్లాటు నీ పేరు మీదుంది, ఓటు నీది.